ట్రిగ్గర్ బరువు గురించి మేనల్లుడితో ఒక వాదన

మా చెల్లెలి కొడుకు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటాడు. మొన్న ఒక ఆదివారం ఉదయం, నేను గచ్చిబౌలి వైపు ఉన్న రేంజ్‌కు బయలుదేరుతుండగా, మూడు ట్రిగ్గర్ యూనిట్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపి, "మామయ్యా, వీటిలో ఏది కొనమంటావు?" అని అడిగాడు. ఒక్కో ఫొటో కింద ఒక్కో అంకె మాత్రమే రాశాడు: రెండు ముప్పావు పౌండ్లు, రెండు పౌండ్లు, ఒకటిన్నర పౌండ్లు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. అతని దృష్టిలో నేను చెప్పవలసిందల్లా ఆ మూడింటిలో అన్నిటికన్నా చిన్న అంకె సరిపోతుందా లేదా అన్నదే.

బియ్యం సంచి మీద 25 కిలోలు అని అచ్చువేసినంత మాత్రాన లోపలివి పాత బియ్యమో కొత్త బియ్యమో తెలియదు, అన్నం పొడిపొడిగా వస్తుందో ముద్దవుతుందో అసలే తెలియదు. ట్రిగ్గర్ పెట్టె మీది అంకె కూడా అంతే. వేలు ఎంత బలం పెడితే హ్యామర్ (పిన్నును కొట్టి తూటాను పేల్చే లోపలి సుత్తి) విడివడుతుందో అది చెబుతుంది. ఆ బలం పెట్టే దారి పొడవునా వేలికి ఏమి తెలుస్తుందో, పేలిన తరువాత ట్రిగ్గర్ ఎక్కడ ఆగుతుందో, రెండో తూటాకు ఎలా సిద్ధమవుతుందో చెప్పదు. ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా పేల్చి, తరువాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ విషయంలో ఈ చెప్పని సంగతులే ముఖ్యమని నా అభిప్రాయం. మేనల్లుడికి ఫోనులో పది నిమిషాల్లో చెప్పబోయి చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

రైఫిల్ కన్నా బరువైన ట్రిగ్గర్

అతనిది రూగర్ 10/22 అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్. 1964లో వచ్చిన నమూనా, .22 బోరు, పది తూటాలు పట్టే గుండ్రటి మ్యాగజైన్. పౌరసత్వం వచ్చాక కొనుక్కున్న మొదటి తుపాకీ అదే. కిందటి వేసవిలో నేను వెళ్ళినప్పుడు అతని క్లబ్బుకు తీసుకువెళ్ళాడు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాడు ఆ దేశంలో తుపాకీనిగానీ తూటానుగానీ చేతబట్టడానికి, కొన్ని మినహాయింపులు తప్ప, చట్టం ఒప్పుకోదు. అందుకని నేను వెనక బెంచీ మీద కూర్చుని చూశానే తప్ప ఆ రైఫిల్‌ను ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ట్రిగ్గర్‌ను వేలితోనే తెలుసుకున్నవాడికి ఆ రోజు కళ్ళతో తెలుసుకోవలసి వచ్చింది. ఒకందుకు అదే మంచిదయింది.

కార్ఖానా నుంచి వచ్చిన 10/22 ట్రిగ్గర్ ఆరు పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది, అంటే మన లెక్కలో సుమారు 2.7 కిలోలు. ఆ కార్బైన్ మొత్తం బరువు చూస్తే దాదాపు ఐదు పౌండ్లే. తుపాకీ కన్నా దాని ట్రిగ్గర్ బరువు. నిలబడి కాల్చేటప్పుడు ఇది మాటవరసకు చెప్పుకునే తమాషా కాదు. ఐదు పౌండ్ల వస్తువును కదలకుండా పట్టుకుని, దాని మీదే ఆరు పౌండ్ల బలం వెనక్కి పెడుతూ, అది పక్కకు జరగకూడదని కోరుకోవడం పసివాణ్ణి ఒళ్ళో కదలకుండా పడుకోబెట్టి చెవి మెలిపెట్టడం లాంటిది.

ఇక్కడ నా పాత అభిప్రాయాన్ని దాచకుండా చెప్పాలి. ట్రిగ్గర్ మార్చాలని అడిగే కుర్రవాళ్ళందరికీ నేను చాలాకాలం "ముందు వేలిని మార్చు" అని చెప్పి పంపేవాణ్ణి. నాకు నేర్పిన కోచ్ గారు కూడా అలాగే చెప్పేవారు. గొట్టం చివర రూపాయి బిళ్ళ నిలబెట్టి, ఖాళీ రైఫిల్‌తో అది పడకుండా వరుసగా ఇరవై సార్లు ట్రిగ్గర్ నొక్కిస్తే తప్ప తూటాలు చేతికి ఇచ్చేవారు కారు. ఆ క్రమశిక్షణ గొప్పదే. అయితే అది పనిచేసింది మా క్లబ్బు రైఫిళ్ళకు ట్రిగ్గర్లు బాగుండబట్టి. ఆరు పౌండ్ల గరుకు ట్రిగ్గర్ మీద అదే బిళ్ళను నిలబెట్టి ఉంటే మాలో సగంమంది రెండో వారానికే చదరంగం నేర్చుకునేవాళ్ళం. పాడు ట్రిగ్గర్ కూడా ఒక గురువే, కాకపోతే అది నేర్పేవి చెడ్డ అలవాట్లు. కాబట్టి మార్చవచ్చా లేదా అన్న చోట నేను ఓడిపోయాను. మిగిలిన ప్రశ్న దేనికి మార్చాలన్నదే.

వంద గ్రాములవాడి నీతులు

ఒకటిన్నర పౌండ్లది వద్దని నేను అనగానే అతను సరిగ్గా గురిచూసి కొట్టాడు. "నువ్వు మాత్రం వంద గ్రాముల ట్రిగ్గర్‌తో కాలుస్తావు. నన్నేమో మూడు పౌండ్లతో సరిపెట్టుకోమంటావా మామయ్యా?"

జవాబు వెంటనే తోచలేదు. నిజమే, నేను 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కాల్చే పోటీలో, వాడే ఆన్‌షూట్జ్ రైఫిల్ ట్రిగ్గర్ 100 గ్రాముల దగ్గర తెగుతుంది, అంటే ఆ బలానికే పేలుతుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కూ 50 మీటర్ల రైఫిల్‌కూ ట్రిగ్గర్ బరువుకు కింది హద్దు అనేదే లేదు. 2012 లండన్‌లో మన నగరంలో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పోటీ ఆ కోవలోదే. కానీ అవే నిబంధనలు పిస్టల్ దగ్గరకు వచ్చేసరికి మారిపోతాయి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు 500 గ్రాములకు తగ్గకూడదు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములకు తగ్గకూడదు. మన హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచింది ఆ వెయ్యి గ్రాముల ట్రిగ్గర్ పోటీలోనే. బరువు మనిషి నైపుణ్యాన్ని బట్టి కాక, తుపాకీని వాడే తీరును బట్టి నిర్ణయమవుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నా రైఫిల్‌లో తూటా ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకోవాలి. నేను చాప మీద పడుకుని, పట్టీ చేతికి బిగించుకుని, గురి కుదిరాక మాత్రమే వేలిని ట్రిగ్గర్ మీదికి తెస్తాను. పేలాక, తూటా కూర్చునే గదిని మూసే బోల్టును తెరిచేవరకు ఆ గదిలో ఉన్నది ఖాళీ తొడుగు. మళ్ళీ పేలడానికి అందులో ఏమీ లేదు. వంద గ్రాములు నాకు ప్రమాదకరం కాకపోవడానికి కారణం నా గొప్పతనం కాదు, ఆ ఖాళీ. సెమీ ఆటోమేటిక్‌లో ఆ ఖాళీ ఉండదు. మొదటి తూటా పేలిన క్షణంలోనే బోల్టు వెనక్కి వెళ్ళి, హ్యామర్‌ను అణచి, తిరిగి వస్తూ రెండో తూటాను లోపలికి తోసేస్తుంది. రైఫిల్ ఇంకా భుజం మీద కదులుతూనే ఉంటుంది, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది, తుపాకీ మాత్రం అప్పటికే మళ్ళీ సిద్ధం. అంకె ఒకటే అయినా పరిస్థితి వేరు.

ఇదంతా అతనికి చెప్పాను. "సరే, ఆ పోలిక వదిలేస్తాను" అన్నాడు. వదిలేస్తాను అన్నాడు కానీ ఒప్పుకున్నాను అనలేదని గమనించాను.

లోపల జరిగేది

సెమీ ఆటోమేటిక్ ట్రిగ్గర్‌లో నేను ముందుగా చూసేది తెగే బరువు కాదు, రీసెట్. పేలిన తరువాత వేలు ఇంకా వెనక్కి నొక్కే ఉన్నప్పటికీ హ్యామర్ మళ్ళీ పడకుండా చూసేది డిస్‌కనెక్టర్. వేలిని కొంచెం ముందుకు వదిలితే ట్రిగ్గర్, సియర్ (హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) మళ్ళీ ఒకదానికొకటి అందుకుంటాయి. ఆ అందుకోవడమే రీసెట్, అది వేలికి స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే కాల్చేవాడు ప్రతిసారీ వేలిని పూర్తిగా ముందుకు ఎత్తేసి మళ్ళీ మొదటినుంచి నొక్కుతాడు. ఆ ఎత్తి వేయడంలో గురి చెదురుతుంది. తెగేది మూడున్నర పౌండ్లయినా రీసెట్ దగ్గరగా, గట్టిగా ఉన్న ట్రిగ్గర్‌తో, రెండు పౌండ్లకే తెగి రీసెట్ మెత్తగా ఎక్కడో తప్పిపోయే ట్రిగ్గర్ కన్నా వరుస తూటాలు దగ్గరగా పడతాయి. ఈ సంగతి పెట్టె మీద ఎవరూ అచ్చువేయరు.

తరువాతది, ఆ తేలికదనం ఎక్కడినుంచి వచ్చిందన్నది. ట్రిగ్గర్‌ను తేలిక చేయడానికి దారులు కొన్నే ఉన్నాయి. హ్యామర్ గాడి, సియర్ అంచు ఒకదానినొకటి తాకే కోణాన్నీ నునుపునూ మెరుగుపరచడం మంచి దారి. దానికి మంచి ఉక్కు, మంచి యంత్రం కావాలి, అందుకే ఖరీదు. ఆ రెండూ కొరుక్కునే లోతును తగ్గించడం రెండో దారి. వేలికి అది అద్భుతంగా ఉంటుంది, పట్టు మాత్రం వెంట్రుకవాసి మీద నిలుస్తుంది. హ్యామర్ స్ప్రింగును బలహీనం చేయడం అన్నిటికన్నా చవక దారి. .22 తూటా పేలాలంటే దాని అంచును ఫైరింగ్ పిన్ గట్టిగా నొక్కాలి. స్ప్రింగు నీరసించిన రైఫిల్ పది తూటాల్లో ఒకటి రెండింటిని "చిట్" అని తట్టి ఊరుకుంటుంది. పోటీలో అలా ఊరుకున్న తూటాకు మార్కులు ఎవరూ వేయరు.

రెండో దారి గురించి ఇంకొంచెం చెప్పాలి. బోల్టు రైఫిల్‌లో సియర్ పట్టు సన్నగా ఉంటే అది దెబ్బతినేది మనం బోల్టు మూసినప్పుడు మాత్రమే. సెమీ ఆటోమేటిక్‌లో ప్రతి తూటాకూ బోల్టు వచ్చి ఆ భాగాలన్నిటినీ కుదిపేస్తుంది. పట్టు చాలకపోతే హ్యామర్ నిలవకుండా బోల్టు వెంటే వచ్చేయవచ్చు. ఒక్క నొక్కుకు రెండు తూటాలు పోవచ్చు. వేలు నొక్కకపోయినా, రైఫిలే వెనక్కీ ముందుకూ ఊగి వేలికి తగిలి రెండోది పేలడం కూడా మరీ తేలిక ట్రిగ్గర్లతో జరిగేదే. అమెరికా చట్టంలో, 1934 నుంచీ, ఒక్క నొక్కుకు ఒకటికన్నా ఎక్కువ తూటాలు పేల్చేది మెషిన్ గన్. నా తుపాకీ పాడైంది మహాప్రభో అంటే అధికారి నమ్ముతాడో లేదో కనిపెట్టవలసిన అగత్యం మా మేనల్లుడికి రాకూడదని నా కోరిక.

సర్దుబాటు మరలు ఉన్న యూనిట్ల మీద నాకు అనుమానం కాస్త ఎక్కువ. మనిషి చేతికి మర దొరికితే తిప్పకుండా ఉండడు. అతను తిప్పకపోయినా, కుదుపుకు అదే తిరుగుతుంది. మర జారకుండా జిగురు వేసి, దాని తల మీద చిన్న రంగు గీత గీసి, ప్రతిసారీ ఆ గీత ఎక్కడుందో చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళకు నా అభ్యంతరం లేదు.

ఆకురాయి పెట్టిన చెయ్యి

ఈ భయాలన్నీ పుస్తకాల్లోంచి వచ్చినవి కావు. తొంభైల చివర్లో మా క్లబ్బులో ఒకాయనకు పాత .22 బోల్టు రైఫిల్ ఉండేది. ట్రిగ్గర్ ఈడ్చినట్టు ఉంటుందని ఆయన రోజూ సణిగేవారు. ఒకరోజు దానిని నగరంలో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళి సియర్‌ను ఆకురాయితో రాయించుకొచ్చారు. మరుసటి ఆదివారం మా అందరిచేతా ఒక్కొక్కసారి ఖాళీగా నొక్కించారు. గాజు కడ్డీ విరిగినట్టు తెగింది. నేను మనసులో అసూయపడ్డానని ఇప్పుడు చెప్పడానికి సిగ్గులేదు. నాది కూడా ఇచ్చి రాయించుకుందామా అని రెండు రోజులు ఆలోచించాను.

నెలలు గడిచాయి. ఒక ఉదయం ఆయన నా పక్క లేన్‌లో పడుకుని, తూటా పెట్టి బోల్టు మూశారు. అంతే, పేలింది. వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు. గొట్టం లక్ష్యం వైపే ఉంది కాబట్టి తూటా ముందున్న ఇసుకలో దిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆయన రైఫిల్ కింద పెట్టి, లేచి, అద్దాలు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. తరువాత విప్పి చూస్తే అర్థమైంది: ఆ ఉక్కుకు పైన మాత్రమే గట్టి పొర ఉంటుంది, ఆకురాయి ఆ పొరను తీసేసింది. లోపలి మెత్తటి లోహం వాడేకొద్దీ అరిగిపోయి అంచు గుండ్రబడింది. అద్భుతమైన ట్రిగ్గర్ అనిపించినన్నాళ్ళూ అది అరుగుతూనే ఉందన్నమాట.

అందుకే ఎవరైనా వీడియో చూసి సొంతంగా రాసుకుంటామంటే నేను కఠినంగా మాట్లాడతాను. డబ్బు పెట్టి మంచి యూనిట్ కొనడం విలాసమని ఒకప్పుడు అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను. గట్టిపరచిన భాగాలను లెక్క ప్రకారం చేసి, ఒకే పెట్టెలో అమర్చి ఇచ్చే యూనిట్‌కు పెట్టే డబ్బు వేలి సుఖానికి కాదు, ఆ ఉక్కు పొరకు. 10/22లో రెండు పిన్నులు తీస్తే ట్రిగ్గర్ భాగం మొత్తం ఊడి వస్తుంది, ఇంకొకటి పెట్టి ఆ పిన్నులే వేసేయవచ్చు. ఇంట్లో కూర్చుని భాగాలు రాసుకోవలసిన అవసరం ఆ రైఫిల్‌కు అసలే లేదు.

నిబంధనల పుస్తకంలో ఒక పంక్తి

వాదన ఇక్కడిదాకా వచ్చాక నాకు ఒక అనుమానం వచ్చి, "ఇంతకీ నువ్వు ఏ పోటీకి వెళదామనుకుంటున్నావు?" అని అడిగాను. మొదటే అడగవలసిన ప్రశ్న. అతను చెప్పింది సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే అక్కడి షూటింగ్ సంస్థ) వాళ్ళ రిమ్‌ఫైర్ స్పోర్టర్ అనే .22 రైఫిళ్ళ పోటీ. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెరీలో జాతీయ స్థాయిలో జరుగుతుంది, వాళ్ళ ఊరినుంచి కారులో వెళ్ళి రావచ్చు. ఆ పోటీలో రైఫిల్ బరువు ఏడున్నర పౌండ్లు దాటకూడదు, ట్రిగ్గర్ మూడు పౌండ్లకు తగ్గకూడదు. త్వరగా కాల్చే దశల్లో సెమీ ఆటోమేటిక్ వాళ్ళకు ఐదు తూటాలకు 25 సెకన్లు, బోల్టు వాళ్ళకు 30.

అతను పంపిన మూడు ఫొటోల్లో ఒక్కటి కూడా ఆ పోటీకి పనికిరాదు. రూగర్ వాళ్ళే అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ కూడా రెండున్నర నుంచి మూడు పౌండ్ల మధ్య అని చెబుతారు, అంటే అదృష్టం బాగుంటే గీత మీద, లేకపోతే గీత కింద. మూడు పౌండ్ల బరువును ట్రిగ్గర్‌కు తగిలించి, గొట్టం పైకి ఉండేలా రైఫిల్‌ను నిలువుగా ఎత్తితే హ్యామర్ పడకూడదు, అదీ పరీక్ష. స్ప్రింగులు సర్దుకున్నకొద్దీ, అంచులు నునుపు తేలినకొద్దీ ట్రిగ్గర్ ఇంకొంచెం తేలికవుతుంది. ఇంట్లో తూచినప్పుడు మూడుంపావు ఉన్నది పోటీ రోజుకు మూడుకు దిగవచ్చు. అందుకని నేను మూడున్నర అన్నాను. అతను కొంతసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత అన్న మాట నాకు నచ్చింది: "అంటే ఇన్ని రోజులూ నేను పోటీ కోసం కాకుండా ఫొటో కోసం కొందామనుకున్నానన్నమాట."

అయినా అతని వైపు ఒక న్యాయం ఉంది. పోటీ లేకుండా, బెంచీ మీద రైఫిల్ ఆనించి, కాగితం మీద తూటా రంధ్రాలు చిన్న గుత్తిగా పడడం కోసం మాత్రమే కాల్చేవాడికి రెండు పౌండ్లు తప్పని నేను అనలేను. అలాంటివాడికి రీసెట్‌తో పని తక్కువ, తొందర అసలే లేదు. అతను ఆ మనిషి కాడు, అంతే. పైగా ఒహాయోలో చలికాలం వేళ్ళు కొయ్యబారుతాయి. కొయ్యబారిన వేలికి తేలిక ట్రిగ్గర్ మీద మొదటి స్పర్శే తెలియదు.

ఇక్కడ అయితే

మా క్లబ్బులో ఈ సంభాషణ విన్న ఒక మిత్రుడు "మనకా బాధ లేదు" అని నవ్వాడు. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాట కింద దాని భాగాలు కూడా వస్తాయి. అరచేతిలో ఇమిడే ఆ ట్రిగ్గర్ యూనిట్ కొలంబస్‌లో కొరియర్ కుర్రవాడు గుమ్మం ముందు పెట్టి పోయే వస్తువు, హైదరాబాదులో అదే ఒక ఆయుధం. అనుమతి లేకుండా తెప్పించుకోవడానికి వీలులేదు. వస్తూ వస్తూ సూట్‌కేసులో ఒకటి పడేయమని మేనల్లుడికి చెప్పాలని సరదాకైనా అనుకోకండి. ఈ కట్టడి వల్ల మాకు ఒక లాభం కలిగింది, ఒక నష్టమూ కలిగింది. ఉన్న ట్రిగ్గర్‌తో సంసారం చేయడం నేర్చుకున్నాం. కానీ ఏది మంచి ట్రిగ్గరో పోల్చి చెప్పగలిగినవాళ్ళు మాలో చాలా తక్కువ, ఎందుకంటే రెండోది మా వేలికి తగలలేదు. ఆ రోజు క్లబ్బులో ఆకురాయితో రాయించిన ట్రిగ్గర్‌ను మేమంతా మెచ్చుకోవడానికి అదీ ఒక కారణమేనేమో.

అతను చివరికి ఏమి చేశాడంటే, మూడు ఫొటోలూ పక్కన పెట్టి, తన పాత ట్రిగ్గర్ పెట్టె (హౌసింగ్)లోనే కొత్త హ్యామర్, కొత్త సియర్ వేయించుకున్నాడు. పని చేసింది క్లబ్బుకు వచ్చే గన్‌స్మిత్. హ్యామర్ స్ప్రింగు మాత్రం పాతదే ఉంచమన్నాను, ఉంచాడు. ఇంట్లో త్రాసు లేదట. మూడు పౌండ్లంటే 1.36 కిలోలు కాబట్టి, బోల్టు తెరిచి ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, వంటింటి కొలపాత్రతో సీసాలో నీళ్ళు పోసి, ట్రిగ్గర్‌కు దారంతో వేలాడదీసి రైఫిల్‌ను ఎత్తి వీడియో పంపాడు. హ్యామర్ పడలేదు. ఇంకో పావు లీటరు దాకా కొంచెంకొంచెంగా పోస్తే అప్పుడు పడింది.

తరువాతి శనివారం క్లబ్బులో అతని స్నేహితుడి చేత మ్యాగజైన్ నింపించాడు. తూటాల మధ్య ఎక్కడో రెండు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి, ఎక్కడున్నాయో చెప్పవద్దన్నాడట. కిందటి వేసవిలో నేను బెంచీ మీద కూర్చుని చేయించిన పరీక్షే ఇది. అప్పుడు ప్రతి డమ్మీకీ, పేలుతుందనుకుని అతను ముందే బిగుసుకోవడం వల్ల, గొట్టం చివర కోడిపిల్ల గింజను పొడిచినట్టు కిందికి పడేది. ఈసారి వీడియోలో మొదటి డమ్మీకి గొట్టం కదలలేదు. రెండోదానికి కదిలింది, మునుపటి అంత కాకపోయినా. "ఇది ట్రిగ్గర్ తప్పా, నా తప్పా?" అని అడిగాడు. రూపాయి బిళ్ళ సంగతి చెప్పాను. వాళ్ళింట్లో రూపాయి లేదు, క్వార్టర్ బిళ్ళ సరిపోతుందా అని అడుగుతున్నాడు.